కంపెనీ పసుపు

మా ఆయన ఊపిరి తీసుకుంటే సన్నగా ఈల వినిపిస్తుంది. కొత్తవాళ్లు ఎవరైనా పక్కన కూర్చుంటే ఎక్కడో పిట్ట కూసిందనుకుని ఇటూ అటూ చూస్తారు. ఆ ఈల ఆయన ముక్కులోది. రెండు ముక్కురంధ్రాల మధ్య ఉండే గోడకి జొన్నగింజంత చిల్లి పడింది. నంద్యాలలో ఓబయ్య ప్లేటింగు షాపులో ఆరేళ్లు చేసినందుకు మిగిలింది అదీ, వేళ్ల సందుల్లో మానీ మానని పుండ్లూ.

ప్లేటింగు అంటే ఇనప సామానుకి తుప్పు పట్టకుండా పూత పెట్టే పని. తొట్లలో యాసిడ్లు, మందునీళ్లు ఉంటాయి. అందులో సామాను వేలాడదీసి కరెంటు పెడతారు. తొట్ల మీదనుంచి లేచే ఆవిరి కంటికి పెద్దగా కనబడదు. మొదట వాసన తెలియడం పోయింది. తర్వాత ముక్కులోంచి రక్తం. నేను నాలుగో నెల కడుపుతో ఉన్నప్పుడు నంద్యాల పెద్దాసుపత్రి డాక్టరు లైటు వేసి చూసి, ఇకమీదట ఆ తొట్ల దగ్గర నిలబడితే ఇది ముక్కుతో ఆగదమ్మా, లోపలికి, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది అన్నాడు. ఆయనతో చెప్పలేదు, నాతో చెప్పాడు. మగవాళ్లు వినరని ఆ డాక్టరుకు తెలుసు కాబోలు.

అందుకే నంద్యాల వదిలి ఆళ్లగడ్డ వచ్చాం. ఓబయ్య షాపు పక్కనే ఒక బండ్ల ఎలక్ట్రీషియను ఉండేవాడు. తీరిక దొరికినప్పుడల్లా మా బావ ఆయన దగ్గర వైరింగు పని నేర్చుకున్నాడు. మా బావ అంటే మా ఆయనే, సుందరరాజు. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి పిలుపే పెళ్లయ్యాక కూడా నిలిచిపోయింది. ఆ కాస్త వైరింగు పనే మాకు దారి చూపించింది. రంగయ్యగారు పిలిచి పని ఇచ్చారు.

రంగయ్యగారిది ఉయ్యాలవాడ దగ్గర భూములున్న ఇల్లు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉంది. మూడు ట్రాక్టర్లు, రెండు లారీలు అక్కడే ఆగుతాయి. వాటి లైట్లు, బ్యాటరీలు, డైనమోలు చూసుకోవడం మా బావ పని. షెడ్డు వెనక ఒక గది మాకు ఇచ్చారు. మా అత్త ఏసమ్మ, మేమిద్దరం, పుట్టిన బిడ్డ శాంత అందులోనే. గది కిటికీ తెరిస్తే గ్రీజు వాసన వచ్చేది. గ్రీజు వాసన పీల్చి ఎవరూ చావరు కదా అని నేను ఆ కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంచేదాన్ని.

షెడ్డులో ఒక మూల, దుప్పటి కింద, రంగయ్యగారి పాతకారు ఉండేది. మిషను ఆసుపత్రిలో చేసిన దొరసాని డాక్టరమ్మ తన దేశం పోతూ ఆయనకు అమ్మిన విదేశీ కారు. అప్పటికి పదిహేడేళ్లది. ఆయనకు కొడుకుల మీద ఉన్నంత ప్రేమ దాని మీద ఉండేది. దాంట్లో ప్రతి మేకూ కంపెనీనుంచి ఎట్లా వచ్చిందో అట్లాగే ఉండాలి. కొత్తది వేస్తే ఒప్పుకోరు, రుద్దితే ఒప్పుకోరు. మాకంటే ముందు ప్రొద్దుటూరునుంచి వచ్చిన ఎలక్ట్రీషియను హారను బిగించే పట్టీని ఇనపబ్రష్షుతో గీకాడట. ఆ మధ్యాహ్నమే అతని పనిముట్ల పెట్టె షెడ్డు బయట రోడ్డు మీద పెట్టించారు. ఈ సంగతి మాకు మొదటి రోజే చెప్పారు. కోపంగా కాదు, తెలుసుకోవాల్సిన విషయంలాగా చెప్పారు.

ఎనభై మూడులో, మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం, ఆ కారుకు బ్యాటరీ చార్జి కావడం లేదని మా బావ దాని డైనమో విప్పాడు. మామూలు డైనమో కాదు, ఆల్టర్నేటరట. అప్పటికి ఆళ్లగడ్డలో అట్లాంటిది ఉన్న కారు అదొక్కటే. లోపలి తీగల పని షెడ్డులో పెట్టుకుని, పై సామాను, అంటే గాలి విసిరే ఫ్యాను, బెల్టు తిరిగే కప్పీ, వెనక మూత, పట్టీ, ఎనిమిది బోల్టులు, గోనెసంచిలో కట్టి గదిలో గూట్లో పెట్టాడు. షెడ్డుకు తలుపు లేదు, ఏదైనా పోతే మాట వస్తుందని. మంగళవారం అయ్యకు చూపించాలి, భద్రం అని మా అత్తకు చెప్పి పోయాడట. నేను అప్పుడు బావి దగ్గర ఉన్నాను; అది ఆ కారు సామానని నాకు తెలియదు, మంగళవారం అయ్యకు చూపించాలన్న ముక్క మాత్రం మా అత్త చెప్పింది.

ఆ శనివారం మా గుడి, అంటే చర్చి, సామాను తోమే వంతు నాది. ఏటా మట్టల ఆదివారానికి ముందు ఒక్కో ఇంటి ఆడమనిషి చేతికి కానుకల పళ్లేలు, చేతిగంట, రెండు కొవ్వొత్తి స్తంభాలు ఇస్తారు. ఇత్తడిది, కంచుది అంతా చింతపండు నానబెట్టి, ఉప్పు కలిపి తోమాలి. ఏ ఇంట్లో ఎంత మెరిసిందని తర్వాత ఏడాది పొడుగునా చెప్పుకుంటారు. ఎనిమిదో తరగతిలో బడి మానిపించినప్పటినుంచి మా లూదీ అని నన్ను ఎవరైనా మెచ్చుకున్నారంటే పాత్రలు తోమినందుకే. కాబట్టి చింతపండు కాస్త ఎక్కువే నానేశాను.

పళ్లేలూ గంటా తోమడం అయ్యాక గిన్నెలో ఇంకా సగం గుజ్జు మిగిలింది. బిడ్డ ఉయ్యాలలో నిద్రపోతోంది. గూట్లో గోనెసంచి కనబడింది. విప్పి చూస్తే సామానంతా పసుప్పచ్చగా, అక్కడక్కడ ఎర్రగా, ఆకుపచ్చగా, వాననీళ్ల మీద నూనె పడితే తేలే రంగుల్లాగా ఉంది. పాత ఇత్తడికి పట్టే చిలుము కూడా అట్లాంటి రంగుల్లోనే ఉంటుంది. మంగళవారం అయ్యకు చూపించాల్సిన సామాను ఇట్లా ఉంటే ఏం బాగుంటుంది అనుకున్నాను. మా బావ మెచ్చుకుంటాడనీ అనుకున్నాను. అది ఇప్పుడు దాచి ఏం లాభం?

చింతపండు తగలగానే చిన్న చిన్న బుడగలు వచ్చాయి. మురికి వదులుతోందనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. పసుపు పోయి కింద బూడిదరంగు తేలింది, దాన్నీ రుద్దితే తెల్లని ఇనుము వచ్చింది. ఒక్క బోల్టు కూడా వదల్లేదు. నీళ్లతో కడిగి, తుడిచి, పాత చీరముక్క మీద వరసగా పేర్చి పెట్టాను. పెళ్లివారికి పళ్లేలు పేర్చినట్టు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చి మా బావ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇవి ఎవురు తోమినారు?"

"నేనే బావా. ఎంత చిలుము పట్టిందనుకుండావ్. చూడు ఎట్ల తెల్లగైనాయో."

ఆయన ఫ్యానును తీసుకుని వెలుతురు దగ్గరకు పోయి తిప్పి తిప్పి చూశాడు. ముక్కులో ఈల గట్టిగా పలికింది. ఆ ఈల గట్టిగా పలికితే గుండె వేగంగా కొట్టుకుంటోందని నాకు తెలుసు.

"చిలుము కాదు లూదీ అది. పూత. కంపెనీ పసుపు."

అంతే అన్నాడు. తిట్టలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. తిట్టింది మా అత్త. గుడి గంటనూ బండి సామానునూ ఒకే చింతపండుతో తోమే కోడలు ఈ జిల్లాలో తనకే దొరికిందంది. "నేను గూడ నల్లగుండా గదా, రేపు నన్ను గూడ తోమి తెల్లగ చేస్తాదేమో సూడు" అంది. ఇంకో రోజైతే ముగ్గురం నవ్వుకునేవాళ్లం.

రంగయ్యగారికి నిజం చెప్పి కాళ్లు పట్టుకుందామన్నాను. ప్రొద్దుటూరు మనిషి కూడా కాళ్లు పట్టుకున్నాడట. ఈ షెడ్డు పోతే ఇంకెక్కడా మా బావకు వైరింగు పని ఇచ్చేవాళ్లు లేరు, ఎందుకంటే ఆయన నేర్చుకుంది సగమే. పూర్తిగా వచ్చిన పని ఒక్కటే, అది ఓబయ్య తొట్ల దగ్గర ఉంది. అప్పుడు బతుకంతా అక్కడే. ఆదివారం గుడిలో అందరూ ఈతమట్టలు పట్టుకుని పాడుతుంటే నాకు ఆ లెక్క తప్ప ఇంకేమీ వినబడలేదు. కానుకల పళ్లెం నా ముందుకు వచ్చినప్పుడు పక్కనున్న ఎస్తేరు పిన్ని, ఈసారి నువ్వే తోమినావంటనే, అద్దమాదిరుండాది అని చెవిలో చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి మా బావ నిర్ణయం చేసేసుకున్నాడు.

"ఓబన్న కాడికి ఒక్క దినం పోయి పూత పెట్టుకోనొస్తా. ఒక్క దినం పోకుంటే ఎప్పటికీ పోవాల్సొస్తాది."

"డాక్టరు ఏం జెప్పినాడు బావా?"

"నాకేం జెప్పలేదు గదా" అన్నాడు.

అప్పుడు చెప్పేశాను, ఊపిరితిత్తుల సంగతి. ఆయన విని, ఉయ్యాలలోంచి శాంతను ఎత్తుకుని తల మీద ముక్కు పెట్టాడు. బిడ్డ తల వాసన చూడటం ఆయనకు అది పుట్టిన రోజునుంచీ అలవాటు. వాసన తెలియదు కాబట్టి ముందు నన్ను అడుగుతాడు, ఈపొద్దు దేంతో పోసినావని. శనగపిండో సీకాయో చెబితే, అప్పుడు పీల్చి, అవును అంటాడు.

సోమవారం మొదటి బస్సుకు ముగ్గురం నంద్యాల పోయాం. నేనెందుకని ఆయనకు చిరాకు. నేను దగ్గరుంటే తొందరగా ముగించుకుని బయటికి వస్తాడని నా ఆశ. శిరివెళ్ల దాటేవరకు బిడ్డ ఏడుస్తూనే ఉంది.

ఓబయ్య షాపు రైలు గేటు అవతల. గుమ్మం దగ్గరే గొంతులో మంట పట్టుకుంటుంది. బిడ్డ ముఖం మీద కొంగు కప్పి ఎదురుగా వేపచెట్టు నీడలో కూర్చున్నాను. ఓబయ్య బనియనుతో బయటికి వచ్చి మా బావను చూసి నవ్వాడు.

"వచ్చినావాప్పా. పోయేటప్పుడు ఈ గడప తొక్కనంటివే."

"ఒక్క పనికే ఓబన్నా. నా సామాను నేనే చేసుకుంటా. నీ తొట్లు ఒక పూట ఇయ్యి."

"తొట్లు నిన్నే అడుగుతాండాయి. నువ్వు పోయినకాడినుంచి ఒక్కనికీ పసుపు కుదరల్యా. గడియారం పెట్టుకోని ముంచుతారు నా కొడుకులు, బెల్లం రంగు వస్తాది."

అది నిజమే. పసుపు పూత అంటే రెండు పనులు. ముందు ఇనుముకు జింకు పూత పెట్టాలి, అది తెల్లగా వస్తుంది. తర్వాత దాన్ని కడిగి నారింజరంగు మందునీళ్లలో ముంచి తీయాలి. ఆ ముంచిన కాసేపట్లోనే పసుపు వస్తుంది. ముందు తీస్తే పాలిపోతుంది, ఆలస్యమైతే మాడిన బెల్లం రంగుకు తిరుగుతుంది. మా బావకు గడియారం లేదు. ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెట్టి, అన్నం అడిగే మాట దగ్గరకు రాగానే ఎత్తేస్తాడు. అది కంపెనీ పసుపుకు సరిగ్గా సరిపోయే కొలత. ఓబయ్యకు కూడా ఆ ప్రార్థన అక్కడివరకు కంఠతా వచ్చు, కానీ ఆయన దాన్ని తొందరగా చెబుతాడు, అందుకే కుదరదు.

ముఖానికి తడిగుడ్డ కట్టుకుని మా బావ లోపలికి పోయాడు. తలుపులోంచి ఆయన వీపు కనబడుతోంది. రాగితీగకు బోల్టులు గుచ్చి వేలాడదీశాడు. కరెంటు పెట్టారు. చాలాసేపటికి తీసి కడిగాడు. తర్వాత నారింజనీళ్ల దగ్గరకు పోయి ముఖంమీద గుడ్డ కిందికి లాక్కున్నాడు. గుడ్డ ఉంటే ప్రార్థన పలకడానికి ఊపిరి ఆడదట. పెదవులు కదలడం కనిపించింది. ఎత్తాడు. వెలుతురుకు పట్టుకుని చూశాడు. నేను కూర్చున్న చోటికి కూడా ఆ రంగు కనబడింది. పసుపు మీద గులాబీ, దాని మీద ఆకుపచ్చ, నేను చింతపండుతో తోమేసిన రంగే.

ఫ్యానును ముంచినప్పుడు మధ్యలో దగ్గు వచ్చింది. దగ్గి తేరుకునేలోపు రంగు ముదిరిపోయింది. మళ్లీ యాసిడ్లో వేసి పూతంతా తీసి మొదటినుంచి చేశాడు. రెండోసారి కూడా దగ్గే. మూడోసారి కుదిరింది. నేను వేపచెట్టు కిందనుంచి ఆ ప్రార్థన నేను కూడా చెప్పుకుంటూ, దగ్గు రాకూడదని వేడుకుంటూ, అన్నం మాట దగ్గర ఆగిపోతూ ఉన్నాను. ఆయన బయటికి వచ్చేసరికి సాయంత్రం బస్సు వేళ అయింది. గుడ్డ తీస్తే దాని మీద గోరంత ఎర్రమరక ఉంది. మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు, నేను చూడలేదనుకున్నాడు.

కొత్త పూత ఒకరోజు వరకు పాలమీద మీగడంత మెత్తగా ఉంటుంది. చెయ్యి తగిలితే లేచిపోతుంది, ఎండ తగిలినా చెడుతుంది. రాత్రికి ఓబయ్య దగ్గరే ఉంచుదామంటే మరునాడే రంగయ్యగారు చూసేది. అందుకని అన్నింటినీ ఒక కర్రకు తీగలతో వేలాడదీసి, ఆ కర్ర రెండు మొనలూ మేమిద్దరం పట్టుకుని బస్సులో కూర్చున్నాం. పట్టణంనుంచి పసుపుపిట్టలు పట్టుకుపోతున్నారా అని కండక్టరు అడిగాడు. నా ఒళ్లో శాంత వాటిని చూసి కాళ్లు చేతులు ఆడిస్తూ ఒకటే నవ్వు. నేను ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో బిడ్డ. చాగలమర్రి పోయే బస్సు అది, గుంతలో పడి ఎగిరింది. ఆ ఎగురులో బిడ్డ చెయ్యి చాచి వెనక మూతను ముట్టుకుంది. నేను ఆ చేతి మీద కొట్టాను. తొమ్మిదినెలల బిడ్డను అదే మొదటిసారి కొట్టడం. మూత మీద చిన్న వేలిముద్ర తెల్లగా పడిపోయింది.

"పోనీలే" అన్నాడు మా బావ. "పాత మచ్చ అంటా."

మంగళవారం సాయంత్రం రంగయ్యగారు వచ్చి, బిగించిన సామాను చాలాసేపు చూశారు. మూత మీద చూపు ఆగింది. అక్కడ మచ్చ ఏందని అడిగితే, ముందునుంచి ఉన్నదేనని మా బావ చెప్పాడు. ఏం పెట్టి తుడిచినావ్ అని అడిగితే, మెత్తని గుడ్డ, కిరసనాయిలు అన్నాడు. నేను కిటికీ వెనక బిడ్డను పట్టుకుని నిలబడి ఉన్నాను. కారు స్టార్టు చేశారు, ఎర్రలైటు ఆరింది, చార్జి అవుతోంది. ఆయన బానెట్టు మూయబోయి ఆగారు.

"ఇది ఇంత బాగుంటే మిగతాది బో పాతగ కనపడ్తాంది గదా సుందరం. అన్నీ ఇట్లే తుడువు."

మేము ఊహించనిది అదే. కొత్త పసుపు పక్కన కారులోని మిగిలిన పాతపసుపంతా మాసిపోయినట్టు కనబడింది. గొళ్లేలు, పట్టీలు, బిళ్లలు, తీగలు బిగించే క్లిప్పులు, గోనెసంచి నిండా విప్పించారు. తుడిస్తే రాదు అని చెప్పాలంటే మొదటిది ఎట్లా వచ్చిందో చెప్పాలి. మా బావ సంచి భుజాన వేసుకున్నాడు.

ఈస్టరు తర్వాత ప్రతి సోమవారం నంద్యాల పోవడం మొదలైంది. ఆళ్లగడ్డలో దొరకని వైర్లు తేవాలని చెప్పి పోయేవాడు. సాయంత్రానికి కర్రకు సామాను వేలాడదీసుకుని దిగేవాడు. వేళ్లసందుల్లో పుండ్లు మళ్లీ పచ్చిగా అయ్యాయి. అన్నం కలుపుకోవడం మానేసి చెంచాతో తినేవాడు. ఈలస్వరం మారింది. ఇదివరకు ఒక పిట్ట, ఇప్పుడు రెండు. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి గదంతా పొగైపోతే, గదిలోనే కూర్చున్న మనిషికి తెలియలేదు. మా అత్త కూడా జోకులు మానేసింది.

ఐదో సోమవారం ఆయన బస్సెక్కగానే నేను బిడ్డను చంకన వేసుకుని ఊళ్లోనే ఉన్న రంగయ్యగారింటికి నడిచాను. షెడ్డు పోతే పోనీ, గది పోతే పోనీ అనుకున్నాను. రుద్రవరంలో మా అమ్మ తరఫువాళ్లున్నారు, కూలికి పోతాం, మిరపకాయలు కోస్తాం. నిజం చెబితే తరిమేస్తారు. తరిమేస్తే తొట్టి తప్పుతుంది. దారంతా ఇదే. చిన్నప్పుడు బళ్లో పాఠం అప్పజెప్పే ముందు ఎట్లా వల్లించుకునేదాన్నో అట్లా వల్లించుకున్నాను.

రంగయ్యగారు వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆయన భార్య కమలాక్షమ్మగారు మజ్జిగ ఇచ్చారు. తాగకుండా చేత్తో పట్టుకునే చెప్పేశాను. చింతపండు, పూత, ఓబయ్య తొట్టి, ముక్కులో చిల్లి, డాక్టరు మాట, కర్ర, బస్సు. తప్పు నాది, ఆయనది కాదు, మమ్మల్ని పంపించేయండి అన్నాను.

ఆయన అంతా విన్నారు. కోపం వస్తుందని ముఖంలోకి చూస్తూనే ఉన్నాను. రాలేదు.

"ఆ దినమే తెలుసుకున్నా పాపా" అన్నారు. "మూత మీద పసిబిడ్డ ఏలుముద్ర ఉండాది. కంపెనీలో పసిబిడ్డలుంటారా?"

నా చూపు శాంత వేళ్ల మీదికి పోయింది.

"తోమింది నువ్వని తెలీదు, అంతే. పోయిన రంగు మళ్లా తెచ్చినాడు సూడు, అది సూసినా. ప్రొద్దుటూరోడు చెడగొట్టిపోయినాడు. సుందరం చెడిందాన్ని బాగుజేసినాడు. అట్టాంటోణ్ణి ఎవుడన్నా పంపిస్తాడా?"

"తొట్టి కాడికి పోకూడదన్నాడయ్యా డాక్టరు. ఊపిరి..."

"అది ఓబయ్య షాపు, ఇరుకు. గాలాడదు." ఆయన ఆలోచిస్తూ బిడ్డ బుగ్గ మీద వేలితో తట్టారు. "బస్సులో పడి నంద్యాలకు పోవల్సిన పనేముంది? మన షెడ్డులోనే తొట్లు కట్టిస్తా. పెద్ద కిటికీలు పెట్టిస్తా. ఫ్యాన్లు పెట్టిస్తా. కర్నూలునుంచి పాతకార్ల వాళ్లు నాకు తెలుసు, అందరూ ఈడికే వస్తారు. నువ్వు బయపడాకు. మజ్జిగ తాగు."

ఆయన మంచివాడే. ఆ మాట ఇప్పటికీ అంటాను. చెడ్డవాడైతే ఆ రోజే మేము బతికిపోయేవాళ్లం.

ఆ సాయంత్రం మా బావకు నేను చేసింది చెప్పాను. అప్పటికే ఆయనకు రంగయ్యగారినుంచి కబురు అందింది. నా మీద కోపం వస్తుందనుకున్నాను, అదీ రాలేదు. ముఖంలో ఏదో వెలుగు. మా పెళ్లినాడు కూడా ఆయన ముఖం అట్లా లేదు.

"కర్నూలునుంచి వస్తారంట లూదీ. నా పనికి."

"రుద్రవరం పోదాం బావా. మిరపతోటల్లో పనుంటాది."

"వైరింగు ఎవుడన్నా చేస్తాడు. మిరపకాయలు ఎవురన్నా కోస్తారు." చేతులు చూసుకున్నాడు. గోళ్లన్నీ పసుప్పచ్చగా, చివరలు ఎర్రగా ఉన్నాయి. "ఇది నాకొక్కనికే వస్తాది. యాడికి పొమ్మంటావ్?"

డాక్టరు మాట మళ్లీ చెప్పాను. ఈసారి శాంత పేరు పెట్టి చెప్పాను. ఆయన బిడ్డను ఎత్తుకుని తల మీద ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు. రెండు పిట్టలూ కూశాయి.

"శనగపిండి. మంచి వాసన" అన్నాడు.

ఆ రోజు బిడ్డకు నీళ్లే పోయలేదు. పొద్దున్నే రంగయ్యగారింటికి పోయాను కదా. ఆయన నన్ను అడగడం మరిచిపోయాడు. నేనూ చెప్పలేదు.

నెల తిరక్కుండానే మేస్త్రీలు వచ్చి మా గదిగోడకు ఆనించి మూడు సిమెంటు తొట్లు కట్టారు. రంగయ్యగారు చెప్పినట్టే కిటికీలు పెట్టించారు, ఫ్యాన్లు పెట్టించారు. ఫ్యాన్లు ఆవిరిని షెడ్డులోంచి బయటికి తోస్తాయి. బయట ఉన్నది మా గది. నేను తెరిచి ఉంచే కిటికీని మూసి, సందుల్లో పాతగుడ్డలు కుక్కాను. అయినా మధ్యాహ్నానికి నాలుక మీద రాగిరుచి వస్తుంది. ఓబయ్య ఒకరోజు వచ్చి తొట్లు చూసి, నా షాపుకంటే బాగుండాదప్పా అని పొగిడిపోయాడు. కర్నూలునుంచి నిజంగానే ఇద్దరు వచ్చారు.

వచ్చే మట్టల ఆదివారానికి గుడి సామాను తోమే వంతు మళ్లీ నాకే ఇస్తామన్నారు. చింతపండు ముట్టుకోలేనని చెప్పాను. వాళ్లు నాకు మళ్లీ కడుపేమో అనుకున్నారు.

పనిచేసేటప్పుడు ఆయన ప్రార్థన గోడలోంచి వినబడుతుంది. అన్నం మాట వరకు వచ్చి ఆగుతుంది. మళ్లీ మొదలు. మళ్లీ అక్కడే. క్షమించమని అడిగే భాగం, కీడునుంచి తప్పించమని అడిగే భాగం ఆ షెడ్డులో ఎవరూ పలకరు. వంట చేసుకుంటూ ఆ మిగిలినది నేను చెబుతాను. ఆయన రోజుకు ఎన్నిసార్లు ముంచితే అన్నిసార్లు చెప్పలేను, వెనకబడిపోతాను.

శాంతకు ఇప్పుడు నడక వచ్చింది. పాతచీర చింపి పేట చేసి, ఒక కొన దాని నడుముకు, ఇంకో కొన మంచంకోడుకు కడతాను. ముడి గంటకోసారి చూసుకుంటాను. పుట్టినప్పటినుంచీ వాళ్ల నాయన రొమ్ము మీద ఆ ఈల వింటూనే నిద్రపోయిన బిడ్డ అది. బొమ్మ ఇచ్చినా, బెల్లంముక్క ఇచ్చినా పక్కన పడేస్తుంది. గోడ అవతల ఈల వినబడినప్పుడల్లా నవ్వుకుంటూ, పేట బిగిసేదాకా, అటే లాగుతుంది.